మేత బస్తా మీద శాతం, డబ్బా మీద బొమ్మ

మన తిండిలో ప్రొటీన్ లేదన్న మాట ఈమధ్య ఏలూరు చుట్టుపక్కల వేదవాక్కులా చెలామణీ అవుతోంది. జిమ్ములో ట్రైనర్ చెబుతాడు. మెడికల్ షాపులో కుర్రాడు చెబుతాడు. తాడేపల్లిగూడెం హాస్టల్ గదుల్లో ఇంజనీరింగ్ పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మాటకు తోకలా ఇంకో మాట ఉంటుంది: "కొనే ప్రొటీన్ పొడి ఏదో మంచిది కొనండి, చవక డబ్బాలన్నీ నకిలీలే." రెంటినీ కలిపితే తయారయ్యే సిద్ధాంతం ఇదీ: అన్నం తినేవాడికి కండ డబ్బాలోంచే రావాలి, డబ్బా ఎంత ఖరీదైతే కండ అంత గట్టిది.

మొదటి మాట అబద్ధం. రెండోది ఇంకా ఖరీదైన అబద్ధం.

వేరే ఎక్కడో ఎడారి ఊళ్లో అన్నారంటే సరిపెట్టుకోవచ్చు. తణుకు చుట్టూ ఉన్న కోళ్ల ఫారాల నుంచి గుడ్లు బెంగాల్‌కీ, ఒడిశాకీ, అస్సాంకీ లారీల్లో పోతున్నాయి. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ఆకివీడు చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో హౌరా దాకా, గువాహటి దాకా వెళ్తున్నాయి. దేశంలో సాగు రొయ్యకు మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధరలు పడిపోయి, దాన్ని మనవాళ్లే ఎక్కువ తినాలని పెద్దవాళ్లంతా ప్రకటనలు ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా బ్రాండు డబ్బాలు ఇక్కడి యువకుల గదుల్లో పుస్తకాల పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. మన ప్రొటీన్‌కు వాళ్లు సుంకం వేశారు, వాళ్ల ప్రొటీన్‌కు మనం దండం పెట్టాం.

కొల్లేరు వైపు చెరువు చేసే రైతును మేత గురించి కదిలించి చూడండి. బస్తా మీద కంపెనీ పేరు తర్వాత సంగతి. ముందు ఆయన చూసేది క్రూడ్ ప్రొటీన్ ఎంత శాతమని. చేపకు తేలే మేతయితే 28 దగ్గర, వనామీ రొయ్యకయితే 30 దాటి. తవుడు ఎంత వేశారు, వేరుశనగ చెక్క ఎంత కలిపారు, కిలో సరుకు తేలడానికి ఎన్ని కిలోల మేత పోయింది, ఇవన్నీ నోటి లెక్కలే. ఆ చివరి దాన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. వనామీ చెరువులో అది ఒకటిన్నర దాటిందంటే లాభం మేత కొట్టువాడి ఇంటికి పోతున్నట్టే. రెండు శాతం ప్రొటీన్ ఎక్కువన్న బస్తాకు బస్తా మీద వంద ఎక్కువ పెట్టాలా వద్దా అని గంటసేపు వాదించే మనిషి, కొడుకు తెచ్చిన 6,500 రూపాయల డబ్బా వెనక్కి తిప్పి చూడడు. చూస్తే అక్కడా అదే అంకె ఉంటుంది. చేపకో లెక్క, కొడుక్కో లెక్క ఏమిటని ఆ ఇంట్లో అడిగేవాళ్లు లేకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

ఆ లెక్క వేద్దాం. ధరలు నెలకోలా ఉంటాయి కాబట్టి నేను వాడేవన్నీ ఉజ్జాయింపులే. మీ ఊరి ధర పెట్టుకుని మళ్లీ వేసుకోండి, వరస పెద్దగా మారదు. మామూలు వే ప్రొటీన్, అంటే పాల నుంచి తీసే పొడి, కిలో డబ్బా 3,000 అనుకుందాం. అందులో 30 స్కూపులు, స్కూపుకు 24 గ్రాముల ప్రొటీన్. మొత్తం 720 గ్రాములు. అంటే గ్రాముకు నాలుగు రూపాయల పైచిలుకు. ఐసోలేట్ అనే ఇంకా వడగట్టిన రకం దిగుమతి డబ్బా 6,500 అయితే, బరువు 900 గ్రాములే కాబట్టి, గ్రాము ఎనిమిది రూపాయలు దాటుతుంది. ఏడు రూపాయల గుడ్డులో ఆరు గ్రాములు తక్కువ కాకుండా ఉంటాయి: గ్రాము రూపాయీ పావలా లోపే. శీలావతి కిలో 200 అయితే, తలా ముల్లూ పొట్టా పోగా మిగిలే 600 గ్రాములలో వంద గ్రాముల ప్రొటీన్ ఉంటుంది: గ్రాము రెండు రూపాయలు. అర లీటరు గేదెపాలు నలభై రూపాయలయితే 18 గ్రాములు: రెండుంపావలా దగ్గర.

పప్పుల దగ్గర ఒక మెలిక ఉంది, దాన్ని దాచను. మినపప్పులో 100 గ్రాములకు 24 గ్రాముల ప్రొటీన్ ఉన్నా, గుడ్డులోదీ పాలలోదీ ఒంటికి పట్టినంత పూర్తిగా అది పట్టదు. మూడింట రెండొంతులే లెక్కలోకి తీసుకోండి. అలా కోసేసినా కిలో 140 పెట్టి కొన్న మినపప్పు గ్రాము రూపాయి లోపే తేలుతుంది. సున్నుండలు పెట్టి పిల్లల్ని పెంచిన గోదావరి ముసలమ్మలకు ఈ లెక్క తెలియకపోవచ్చు, ఫలితం తెలుసు. మీల్‌మేకర్ అయితే ఇంకా అన్యాయం: సగం బరువు ప్రొటీనే, గ్రాము అర్ధరూపాయి కూడా పడదు. ఎండబెట్టిన చిన్న రొయ్యల్లో 100 గ్రాములకు 68 గ్రాముల ప్రొటీన్ ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లోనే ఉంది. చింతచిగురులో వేసే రొయ్యపొట్టు, చాలా మెడికల్ షాపు డబ్బాలకంటే రెట్టింపు గట్టి ప్రొటీన్ పొడి. ఉప్పు ఎక్కువ, ఇసుక ఏరుకోవాలి, రోజూ తినేది కాదు. వాసన సంగతి పక్కింటివాళ్లు చూసుకుంటారు.

"చవకే కావచ్చు, కానీ అంత ఎలా తినగలం?" అన్నది తర్వాతి ప్రశ్న. ఎంత తినాలో ముందు తేల్చుకుంటే ఈ ప్రశ్న సగం నీరుగారుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ఆరోగ్యవంతుడికి రోజుకు, ఒంటి బరువు కిలోకు 0.83 గ్రాములు. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. బరువులెత్తి కండ పెంచే కుర్రాడికి అది చాలదన్నది నిజమే. వ్యాయామ శాస్త్రం కిలోకు 1.6 గ్రాముల దాకా లాభం చూసింది, ఆ పైన పెట్టింది కండగా మారిన ఆధారం పెద్దగా దొరకలేదు. 1.6 లెక్కన 104 గ్రాములు. ఇప్పుడు డెల్టా కుర్రాడి రోజు చూడండి. 400 గ్రాముల బియ్యం వండుకు తింటే 30 గ్రాములు అక్కడే వచ్చాయి. అన్నంలో ప్రొటీన్ లేదన్నవాళ్లు ఈ ముప్పై ఎక్కడికి పోయాయో చెప్పాలి. కందిపప్పు 50 గ్రాములు అంటే 11. గుడ్లు రెండు, 12. చేప ముక్కలు 150 గ్రాములు, 26. పావు లీటరు పాలో పెరుగో, 9. అంతా 88. తక్కువ పడింది పదహారు గ్రాములు. మూడు గుడ్లు. ఆ మూడు గుడ్లకు 21 రూపాయలు, వాటి బదులు డబ్బాకు పెట్టింది ఆ పిల్లాడి ఇంట్లోవాళ్ల నెల సరుకుల డబ్బు.

అందరి కంచం ఇలా లేదని నాకూ తెలుసు. పచ్చడన్నంతో పొలం పనికి వెళ్లే మనిషి కంచంలో పప్పు కూడా పల్చనే. బియ్యంలో కొరవడిన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడిన మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే జోడీ, ఆ రెండోది లేని కంచాలు మన జిల్లాల్లో ఉన్నాయి. కానీ ఆ కంచం పేరు చెప్పి జిమ్ము కుర్రాడికి డబ్బా అమ్మడం ఏం న్యాయం? లోటు ఒకరిది, బేరం ఇంకొకరితో. నిజంగా కొరత ఉన్నవాడి దాకా వచ్చింది ప్రభుత్వ బడిలో వారానికి అయిదు రోజులు పెట్టే గుడ్డు. దానికి ప్రకటన ఎవరూ వేయరు.

ఇక ఆ పొడి ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఖరీదు మీద ఉన్న భక్తి చాలావరకు అది ఏమిటో తెలియక పుట్టిందే. పాలు విరిచి పన్నీరు తీశాక మిగిలే పచ్చటి నీళ్లు మన వంటింట్లో చపాతీ పిండిలో కలుపుతారు, లేకపోతే పారబోస్తారు. చీజ్ ఫ్యాక్టరీలు కూడా ఒకప్పుడు అదే చేశాయి. పందులకు పోశారు, నదుల్లో వదిలారు, నీళ్లు పాడవుతున్నాయని గొడవలయ్యాయి. ఆ నీళ్లను వడగట్టి ఎండబెట్టినదే వే ప్రొటీన్. పాల ప్రొటీన్‌లో అయిదో వంతు ఇదే, మిగతాది కేసీన్. మంచి ప్రొటీనే, అందులో వంక లేదు. ఒంటికి తొందరగా పడుతుంది, కండను కదిలించే లూసిన్ దండిగా ఉంటుంది. వడపోత ఒక మెట్టు దాకా ఆపితే 80 శాతం ప్రొటీన్ ఉన్న కాన్సంట్రేట్. ఇంకో మెట్టు వెళ్తే 90 శాతం ఐసోలేట్. ఆ మెట్టులో పోయింది ముఖ్యంగా పాలచక్కెర, కాస్త కొవ్వు. ప్రొటీన్ జాతి మారలేదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాడికి ఐసోలేట్ పనికొస్తుంది. పూటకో గ్లాసు పెరుగు కలుపుకుని తినే మనిషి దానికి రెట్టింపు ధర ఎందుకు పెడతాడో ఎవరూ చెప్పలేరు, అమ్మేవాడు తప్ప. హైడ్రోలైజ్డ్ అని మూడో రకం ఉంది: ముందే విరగ్గొట్టిన ప్రొటీన్. ఆ పని చేయడానికి మనకు ఉచితంగా ఒక కడుపు ఇచ్చారు.

డబ్బా పక్కనే అమ్మే క్రియాటిన్ గురించి చిన్న ముచ్చట. కండలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనిపెట్టింది 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ దేశపు జిమ్ముల్లో ఆయన ఫొటో ఒక్కటి నాకు కనపడలేదు. కండలు తిరిగిన తెల్లవాళ్ల ఫొటోలు మాత్రం గోడ నిండా.

ఖరీదైన డబ్బా అయితే కల్తీ ఉండదన్నది ఖరీదు మీది భక్తికి అసలు పట్టుగొమ్మ. దాన్నీ కదిపి చూడాలి. ప్రొటీన్‌ను ప్రయోగశాలలో నేరుగా తూచరు. నైట్రోజన్ ఎంత ఉందో చూసి ఒక గుణకంతో హెచ్చిస్తారు. డెన్మార్క్‌లో కెల్దాల్ అనే రసాయన శాస్త్రవేత్త 1883లో చూపించిన దారి, ఇప్పటికీ నడుస్తోంది. నైట్రోజన్ ఉన్నది ఏది కలిపినా ఆ పరీక్షలో ప్రొటీన్‌గానే కనపడుతుంది. పశువుల దాణాలో యూరియా కలిపి శాతం పెంచే మోసం పాతదే, మేత వ్యాపారం తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కలిపింది ఈ కిటుకుతోనే. దాదాపు మూడు లక్షల మంది పసివాళ్లు జబ్బుపడ్డారు, ఆరుగురు పోయారు. మనుషుల ప్రొటీన్ పొడిలో ఇదే పని మర్యాదగా జరుగుతుంది: గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపి, వాటి నైట్రోజన్‌ను కూడా ప్రొటీన్ ఖాతాలో రాసేస్తారు. విషం కాదు. కానీ వే ధరకు గ్లైసిన్ కొన్నట్టు.

మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రొటీన్ పొడుల్ని కేరళ కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం పరీక్షలకు పంపి 2024లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీనూ లోపల ఉన్న ప్రొటీనూ ఒకటి కాదు. కొన్నింటిలో రాసినదానిలో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో బూజు విషాలైన ఆఫ్లటాక్సిన్లు, 8 శాతంలో పురుగుమందుల జాడ. అమెరికా పోనీ శుద్ధమా అంటే, అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2025లో 23 ప్రొటీన్ పొడులు, పానీయాలు పరీక్షిస్తే, మూడింట రెండొంతులకు పైగా వాటిలో ఒక్క మోతాదులోనే తాము రోజంతటికీ పెట్టుకున్న హద్దును మించి సీసం కనిపించింది. మొక్కల నుంచి తీసినవి, అంటే "సహజం" అని ఎక్కువ ధరకు అమ్మేవి, పాల పొడులకంటే అధ్వానంగా తేలాయి. సీసం పేరు చెబితే ఏలూరుకు గుర్తుచేయక్కర్లేదు. 2020 డిసెంబరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. నీళ్లు, కూరగాయలు, పాలు, అన్నీ పరీక్షకు పంపిన ఊరు ఇది. అదే ఊరు, బ్యాచ్ పరీక్ష కాగితం అడక్కుండా డబ్బా కొనుక్కుంటోంది.

ఇక్కడికి వచ్చాక ఎదుటివాడు మాట మార్చి మన చేప మీదికి వస్తాడు. "చెరువు చేప అంతా మందులే. దానికంటే డబ్బా నయం." ఇందులో నిజం లేదని అనను. కోడి వ్యర్థాలు మేపే చెరువులు ఉన్నాయి, చట్టం వద్దన్నా ఉన్నాయి. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చే ఊళ్ల మురుగూ పొలాల మందులూ కొల్లేట్లోకే చేరతాయి, ఉప్పుటేరు దాకా పోయే లోపల చాలానే అక్కడ ఉండిపోతాయి. 2018 జులైలో ఫార్మలిన్ అనుమానంతో అస్సాం మన చేపను కొన్నాళ్లు ఆపింది. కానీ ఆ గొడవ రోజుల తరబడి ప్రయాణం చేసే చేప గురించి. పొద్దున్నే పట్టి మధ్యాహ్నానికి కూరయ్యే చేపలో ఫార్మలిన్ కలిపే అవసరం ఎవడికుంది? చెరువు మందుల సంగతి పక్కాగా తేల్చాలి. సరుకు రేవు దాటేటప్పుడు విదేశీయుడి కోసం చేసే యాంటీబయాటిక్ పరీక్ష ఏలూరు చేపల మార్కెట్‌లో మన కోసమూ జరగాలి. ఆ గట్టి డిమాండు చేయాల్సిన నోటితో "అందుకే డబ్బా కొన్నా" అంటే, చెరువు బాగుపడదు, డబ్బా అమ్మినవాడు బాగుపడతాడు. పైగా డబ్బాలోని పాలు ఏ గడ్డి తిన్న ఏ ఆవువో మనకు తెలుసా? చెరువయితే కనీసం సైకిలేసుకుని వెళ్లి చూడొచ్చు.

రెండో వైపు నుంచి ఇంకో మూఢత్వం ఉంది, పెద్దవాళ్లది: పొడి తాగితే కిడ్నీలు పోతాయి, అది స్టెరాయిడ్, పిల్లలు పుట్టరు. పొడి స్టెరాయిడ్ కాదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీని ఈ మోతాదు ప్రొటీన్ పాడుచేసిందనడానికి గట్టి ఆధారం లేదు. అయితే బీపీ, షుగరు ఉండి పరీక్ష చేయించుకోనివాళ్లు మన దగ్గర ఇంటికొకరు; కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే గుడ్డయినా పొడయినా డాక్టరు చెప్పిన కొలతే. క్రియాటినిన్ పరీక్షకు అయ్యేది డబ్బా ధరలో పదో వంతు కూడా కాదు. ఇంతకు మించి దీని మీద చెప్పేదేం లేదు.

అసలు దోపిడీ జిమ్ములో లేదు. కుర్రాడు కనీసం సరదాకు కొంటాడు, మూడు నెలలకు మానేస్తాడు. ఏలూరు ఆసుపత్రుల చుట్టూ ఉన్న మందుల షాపుల్లో చూడండి. ఆపరేషన్ అయినవాడికి, గర్భిణికి, బాలింతకు, టీబీ రోగికి, కాలు విరిగిన ముసలామెకు, మందుల చీటీ అడుగున చివరి గీత ఒక ప్రొటీన్ పౌడర్. చాక్లెట్‌ది కావాలా వెనీలాది కావాలా అన్నదొక్కటే మనకు మిగిలే నిర్ణయం. ఆ డబ్బాల్లో చాలావాటి వెనక చదివితే 100 గ్రాములకు 20 నుంచి 35 గ్రాముల ప్రొటీన్ కనపడుతుంది. మిగతాది చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, రంగూ రుచీ. చేప మేత బస్తాలో ఉన్నంత శాతం కూడా లేని డబ్బాలు కొన్ని ఉన్నాయన్న మాట. 400 గ్రాముల డబ్బా 600 రూపాయలనుకుందాం, 30 శాతం అనుకుందాం: 120 గ్రాములు, గ్రాము అయిదు రూపాయలు. జిమ్ములో అమ్మే మామూలు వే కంటే ఖరీదు. చెంచాడో రెండు చెంచాలో పాలలో కలిపి తాగితే పొడి నుంచి వచ్చేది అయిదు గ్రాముల చుట్టూ. దాన్ని కలిపిన గ్లాసు పాలలోనే అంతకంటే ఎక్కువ ఉంది. బలం వచ్చిందని రోగి అంటాడు. పాలు తాగాడు కదా, వస్తుంది.

ఈ అలవాటుకు పునాది ఎప్పుడో పడింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తే బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా. ఆ హార్లిక్స్ ఫ్యాక్టరీ ఎక్కడో కాదు, గోదావరి అవతలి గట్టున ధవళేశ్వరంలోనే ఉంది. అందులో ప్రొటీన్ 100 గ్రాములకు పది పదకొండు గ్రాములు, గోధుమపిండికి పోటీ. బోర్న్‌విటా వంటివాటిని ఆన్‌లైన్ అంగళ్లలో ఆరోగ్య పానీయాలన్న వరసలో పెట్టొద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024లో చెప్పాక, హార్లిక్స్ మీద కూడా ఆ మాట తీసేశారు. మాట పోయింది కానీ సీసాతో పరామర్శకు వెళ్లే మర్యాద పోలేదు. సీసా స్థానంలోకి డబ్బా వచ్చింది, అంతే.

దీనికి తోడు మన పథ్యం. బాలింతకు గుడ్డు వద్దు, వేడి చేస్తుంది. చేప వద్దు, చీము పడుతుంది. పప్పు వద్దు, బిడ్డకు వాయువు. కారప్పొడి, నెయ్యి, అన్నం. పథ్యం పేరుతో గుడ్డు తీసేసి బలం పేరుతో డబ్బా తెస్తాం! పాలిచ్చే తల్లికి ప్రొటీన్ అవసరం పెరిగే రోజుల్లోనే ఇదంతా జరుగుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో మాత్రం బాలింతకు సొరచేప పిట్టు చేసి పెట్టే ఆచారం ఉంది, పాలు పడతాయని. బస్తీకి వచ్చి కాస్త చదువుకున్నాక ఆ పిట్టు నామోషీ అయింది. పెద్దవాళ్ల విషయంలో ఇంకా ఘోరం. పళ్లు ఊడిన అమ్మమ్మకు రాత్రిపూట ఇడ్లీ, మజ్జిగన్నం, తేలిగ్గా ఉంటుందని. అరవై దాటాక కండ కరిగిపోకుండా ఉండటానికి కిలోకు ఒక గ్రాము దాకా, ఇంకాస్త పైన కావాలంటున్నారు వైద్యులు. సోమవారం, శనివారం, కార్తీకమాసం పోను ఆమెకు గుడ్డు దొరికే రోజులు ఎన్ని? కింద పడి తుంటి విరిగాక డబ్బా వస్తుంది.

టీబీ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా తిండి సరుకులు ఇచ్చి చూసిన పరిశోధన 2023లో లాన్సెట్‌లో వచ్చింది. ఇచ్చింది బియ్యం, పప్పుధాన్యాలు, పాలపొడి, నూనె, విటమిన్లు. ఇంట్లో మిగతావాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మన ప్రభుత్వం రోగికి పోషణ కోసం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు చేసింది. ఆ వెయ్యిని మెడికల్ షాపులో డబ్బాకు పెడితే గ్రాము అయిదు చొప్పున 200 గ్రాముల ప్రొటీన్. గుడ్లకు పెడితే 140 గుడ్లు, 840 గ్రాములు. రోగి బక్కచిక్కి ఉన్న ఇంట్లో ఈ తేడాను చీటీ రాసే చేత్తో తొక్కేయడం చిన్న పొరపాటు అనను.

అయితే పొడి ఎవరూ కొనకూడదా? కొనాల్సినవాళ్లు ఉన్నారు. గుడ్డూ చేపా ముట్టని ఇంట్లో పుట్టి గట్టిగా వ్యాయామం చేసే పిల్లలున్నారు; హాస్టల్ సాంబారులో పప్పును వెతుక్కునే పిల్లలకు 104 గ్రాములు లెక్క కట్టి చూపించలేను. నమలలేని పెద్దవాళ్లున్నారు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రొటీన్ అవసరం ఎక్కువ, ఆకలి తక్కువ. వాళ్లది డాక్టరు తేల్చాల్సిన కొలత. రాత్రి డ్యూటీ దిగి బస్సెక్కే నర్సు వంట చేసుకోలేదని నేను పాఠం చెప్పను. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. సగటు మనిషికి ఆ మాట సరే, వీళ్లకు కొంత సడలింపు ఉండాలని నా అభిప్రాయం. కానీ వాళ్లు కూడా కొనాల్సింది బొమ్మ ఉన్న డబ్బా కాదు. రుచీ రంగూ కలపని, 80 శాతం కాన్సంట్రేట్, మామూలు ప్యాకెట్‌లో వచ్చేది. వెనక 100 గ్రాములకు ప్రొటీన్ ఎంతో చూడాలి, స్కూపు లెక్క మాయ చేస్తుంది, ఎందుకంటే స్కూపు సైజు వాళ్ల ఇష్టం. దినుసుల్లో వే తర్వాత గ్లైసిన్, టారిన్ వస్తే కింద పెట్టేయాలి. 25 గ్రాముల ప్రొటీన్‌కు రెండున్నర గ్రాముల లూసిన్ అయినా ఉండాలి; లేదంటే ఆ ప్రొటీన్ అంతా వే కాదు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి, అది ఒక్కటే చాలదు. ఆ బ్యాచ్‌కు బయటి ల్యాబు ఇచ్చిన కాగితం చూపించే కంపెనీలు మన దేశంలోనూ ఉన్నాయి. అలాంటిది దొరికితే వందో రెండొందలో ఎక్కువ పెట్టొచ్చు. ఖరీదుకు నేను ఒప్పుకునే ఒకే ఒక్క కారణం అది.

ఇంకా చవకైన పొడి ఒకటి ఉంది, ఎవరూ దాన్ని ప్రొటీన్ పొడి అనరు. వెన్న తీసిన పాలపొడి. 100 గ్రాములకు 35 గ్రాముల ప్రొటీన్, మెడికల్ షాపు డబ్బాల్లో గట్టివాటితో సమానం. కిలో 450 అనుకున్నా గ్రాము రూపాయీ ముప్పై పైసలు. పాలచక్కెర సగం ఉంటుంది, పడనివాళ్లకు పనికిరాదు, షుగరు ఉన్నవాళ్లు లెక్కలో కలుపుకోవాలి. పడేవాళ్లకు మజ్జిగలో, రాగిజావలో, ఇడ్లీ పిండిలో కూడా కలిసిపోతుంది. స్వీట్ల కొట్టువాడు బస్తాలు కొంటాడు, మనకు మాత్రం అది టీలో వేసుకునే పొడి.

ఇలాంటి పోషక ఉత్పత్తుల డబ్బాల మీద ఔషధ వినియోగానికి కాదని ముద్రించాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఆ అక్షరాలు ఇంగ్లీషులో, చిన్నగా ఉంటాయి. వాటిని అమ్మేది మందుల షాపు, రాసేది మందుల చీటీ మీద. డాక్టరుగారు పేరు రాయడం మానేసి గ్రాములు రాస్తే సగం జబ్బు కుదురుతుంది: "రోజుకు 70 గ్రాముల ప్రొటీన్, రెండు నెలలు." ఆ డెబ్బై గుడ్లలోంచి తీసుకోవాలా, పప్పులోంచా, చేపలోంచా, పాలపొడిలోంచా అన్నది ఇంట్లో వంట చేసేవాళ్లు తేల్చుకోగలరు.